చెస్ నిజంగా ఎంత వచ్చో ఇంట్లోనే పరీక్షించుకోవడం ఎలా?

“మా పిల్లాడికి పావులన్నీ కదపడం వచ్చింది. ఇక చెస్ వచ్చేసినట్టేనా?” పిల్లలకు ఆట నేర్పే నన్ను తల్లిదండ్రులు పదేపదే అడిగే ప్రశ్న ఇది. పెద్దవాళ్లు ఇదే మాట తమ గురించి అడుగుతారు. “చిన్నప్పటి నుంచి ఆడుతున్నాను, ఎంత వచ్చో మాత్రం తెలియదు” అంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, నేను వాడే పరీక్ష మొత్తం ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. గెలుపోటములను బట్టి అంచనా వేయకండి. ఎదుటివాళ్లు మనకంటే బలహీనులైతే తప్పుడు ఎత్తులు వేసినా గెలుస్తాం. నోటితో అడిగే ప్రశ్నలతో కూడా పెద్దగా తేలదు. “గుర్రం ఎల్ ఆకారంలో వెళ్తుంది” అని అందరూ చెబుతారు. బోర్డు మీద గుర్రం పెట్టి, అది వెళ్లగల గళ్లన్నీ వేలు పెట్టి చూపించమంటే సగం మంది ఒకటో రెండో వదిలేస్తారు. అందుకే ఈ పరీక్షలో దాదాపు ప్రతి ప్రశ్నా బోర్డు మీదే ఉంటుంది.

కావలసినవి

- చెస్ బోర్డు, 32 పావులు. అంచుల మీద అక్షరాలు, అంకెలు లేని బోర్డయితే చిన్న కాగితం ముక్కలు అంటించండి.
- కాగితం, పెన్ను, ఫోన్‌లో టైమర్.
- వీలైతే ప్రశ్నలు అడగడానికి ఒక మనిషి. ఆ మనిషికి చెస్ రాకపోయినా ఫర్వాలేదు, జవాబులు ఇక్కడే ఉన్నాయి.
- పెద్దవాళ్లకు సుమారు గంటన్నర సమయం. పదేళ్ల లోపు పిల్లలకైతే రెండు మూడు రోజులకు పంచండి. అలసిపోయిన పిల్లలు వేసే తప్పులు చూసి, వాళ్లకు రాదని తీర్మానించడం అన్యాయం.

ఒంటరిగా చేసుకుంటున్నారా? అయితే ప్రతి ప్రశ్న తర్వాతి భాగాన్ని కాగితంతో కప్పి, మీ జవాబు రాశాకే కిందికి చదవండి. మనసులో అనుకున్న జవాబు లెక్కలోకి రాదు. సరైనది చదివాక “నేనూ అదే అనుకున్నాను” అనిపించడం మనసు చేసే పని.

గళ్ల పేర్లు తెలియనివారికి: నిలువు వరుసలు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్. అడ్డు వరుసలు 1 నుంచి 8. తెల్లపావుల వైపు కూర్చుంటే ఎడమచేతి మూలన ఉన్నది ఎ1. శకటాన్ని కొందరు ఒంటె అంటారు, కొందరు బిషప్ అంటారు. ఇక్కడ శకటం అనే రాస్తున్నాను.

1. బోర్డు సర్దమనండి

పావులన్నీ కుప్పగా పోసి, రెండు నిమిషాల్లో రెండు వైపులా సర్దమనండి. మీరు చూడాల్సినవి రెండే: ఆటగాడి కుడిచేతి మూల గడి తెల్లదై ఉండాలి, మంత్రి తన రంగు గడిలో ఉండాలి.

ఇక్కడ జరిగే పొరపాటు చాలా తెలివిగా దాక్కుంటుంది. బోర్డును పక్కకు తిప్పి పెట్టేస్తారు. తర్వాత “తెల్లమంత్రి తెల్ల గడిలో” అని గుర్తు తెచ్చుకుని మంత్రిని పెడతారు. దాంతో రాజు, మంత్రి చోట్లు మారిపోతాయి, చూడ్డానికి మాత్రం అంతా సరిగ్గానే ఉంటుంది. అందుకే ముందు మూల గడి చూడండి, తర్వాతే మంత్రిని చూడండి.

సరిగ్గా సర్దితే బోర్డు పక్కన పెట్టి మూడు గళ్ల రంగులు అడగండి: ఎఫ్6, సి6, జి5. జవాబులు: నలుపు, తెలుపు, నలుపు. అక్షరాన్ని అంకెగా మార్చి (ఎ అంటే 1, హెచ్ అంటే 8) రెండూ కూడితే సరిసంఖ్య వచ్చిన గడి నల్లది, బేసిసంఖ్య వచ్చినది తెల్లది. ఇది రాకపోతే మార్కులు తగ్గించకండి, కొత్తవాళ్లకు ఇది అదనం.

2. ఖాళీ బోర్డు మీద పావుల లెక్క

బోర్డు మీద ఒకే ఒక్క పావు పెట్టి, “ఇక్కడి నుంచి ఒక్క ఎత్తులో ఎన్ని గళ్లకు వెళ్లగలదు?” అని అడగండి. ముందు అంకె చెప్పాలి, తర్వాత చూపించాలి.

- ఏనుగు: ఎక్కడ పెట్టినా 14.
- శకటం: అంచు గళ్లలో 7, మధ్యనున్న నాలుగు గళ్లలో 13.
- మంత్రి: అంచున 21, మధ్యలో 27.
- రాజు: మూలలో 3, మిగతా అంచుల్లో 5, లోపల 8.
- గుర్రం: మూలలో 2, బి1లో 3, బి2లో 4, మధ్యలో 8.

ఏనుగు ఎక్కడున్నా 14 అని స్వయంగా కనిపెట్టిన పిల్లల ముఖం చూడాలి. ఆ ఒక్క క్షణం కోసమైనా జవాబు ముందే చెప్పేయకండి.

గుర్రానికి మరో రెండు ప్రశ్నలు. ఎ1 నుంచి హెచ్8కి తక్కువలో తక్కువ ఎన్ని ఎత్తులు? ఆరు. ఎ1 నుంచి పక్కనే ఐమూలగా ఉన్న బి2కి? నాలుగు! ఒక దారి: ఎ1 నుంచి బి3, డి2, సి4, ఆపైన బి2. బాగా ఆడేవాళ్లు కూడా ఇక్కడ రెండు అనేస్తారు. గుర్రానికి దగ్గర గడి దూరం కావచ్చన్న సంగతి చేతికి తెలియడానికి ఇంతకు మించిన అభ్యాసం నాకు తెలియదు.

బంటుకు విడిగా పరీక్ష పెట్టండి. తెల్లబంటును ఇ2లో ఉంచి ఒక్కొక్కటిగా మార్చండి. చుట్టూ ఏమీ లేకపోతే 2 ఎత్తులు. డి3లో, ఎఫ్3లో నల్లపావులుంటే 4. ఇ3లో ఏదైనా పావు ఉంటే ముందుకు ఒక్క ఎత్తు కూడా లేదు. అడ్డంగా ఉన్న పావు మీద నుంచి ఇ4కి దూకించడం తరచూ జరిగే తప్పు. ఇ4లో నల్లపావు ఉంటే దాన్ని ఎదురుగా చంపేయడం ఇంకో తప్పు.

చివరగా పావులన్నీ సర్ది అడగండి: ఆట మొదట్లో తెల్లకు ఎన్ని ఎత్తులున్నాయి? 20. బంట్లవి 16, గుర్రాలవి 4. ఇప్పుడు ఇ2 బంటును ఇ4కి జరిపి, మళ్లీ తెల్ల వంతే అనుకుని లెక్కపెట్టమనండి. 30 వస్తాయి. అదే డి4 జరిపితే 28. ఎ3 జరిపి కూడా లెక్క పెట్టమనండి, అంకె మళ్లీ 20 దగ్గరే తిరుగుతుంది. మధ్య బంటును ఎందుకు ముందు కదుపుతామో వివరించే పని మీకు తప్పుతుంది.

3. చెక్, చెక్‌మేట్, స్టేల్‌మేట్

నా అనుభవంలో ఆటలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చేయండి. చెక్ అంటే రాజు మీద దాడి, దాన్నుంచి తప్పించుకునే దారి లేకపోతే చెక్‌మేట్.

బోర్డు మీద మూడే పావులు పెట్టండి. నల్లరాజు హెచ్8, తెల్లరాజు ఎఫ్7, తెల్లమంత్రి జి6. “నల్ల వంతు. ఆట పరిస్థితి ఏమిటి?” అని అడగండి.

జవాబు: స్టేల్‌మేట్, ఆట డ్రా. రాజుకు చెక్ లేదు, వెళ్లడానికి గడి కూడా లేదు. “చెక్‌మేట్” అన్నవాళ్లకు, “ఇప్పుడు ఏ పావు రాజును చంపబోతోంది, చూపించు” అనండి. చూపించలేకపోయేసరికి తేడా వాళ్లకే తెలుస్తుంది.

పావులు కదపకుండా ప్రశ్న మార్చండి. “ఇప్పుడు తెల్ల వంతు. ఒక్క ఎత్తులో ఎన్ని రకాలుగా ఆట కట్టవచ్చు?” నాలుగు: మంత్రిని జి7, జి8, హెచ్6, హెచ్5 గళ్లలో దేనికి జరిపినా చెక్‌మేటే. హెచ్7 అని చెబితే తప్పు, కాపు లేని మంత్రిని రాజు చంపేస్తాడు. ఎఫ్6 అన్నా తప్పు, చెక్ పడుతుంది కానీ రాజు హెచ్7కి తప్పించుకుంటాడు. నాలుగూ దొరికితే మంచిది. రెండు దొరికి ఆగిపోతే, మొదటి మంచి ఎత్తు కనిపించగానే వెతకడం ఆపేసే అలవాటుందని రాసుకోండి. ఆ అలవాటు ముందుముందు చాలా ఆటలు పోగొడుతుంది.

రెండో స్థితి. తెల్లరాజు ఎఫ్3, తెల్ల ఏనుగు ఇ1, నల్లగుర్రం ఇ6, నల్లరాజు ఇ8. “తెల్లరాజు ఎఫ్4కి వెళ్లవచ్చా?” వెళ్లకూడదు. ఇ6 గుర్రం కదిలితే నల్లరాజు ఏనుగుకు దొరుకుతాడు, కాబట్టి ఆ గుర్రం కదలలేదు. అయినా అది ఎఫ్4ను కాస్తున్నట్టే లెక్క. “కదలలేని గుర్రానికి భయమెందుకు?” అని పిల్లలు గట్టిగా వాదిస్తారు. ఇలా చెప్పండి: రాజు ఎఫ్4కి వెళ్తే గుర్రం ముందుగా తెల్లరాజును చంపేస్తుంది, ఆట అక్కడే అయిపోతుంది. నల్లరాజును చంపే వంతు తెల్లకు రానే రాదు.

చెక్‌ను తప్పించుకునే దారులు మూడు: రాజును జరపడం, అడ్డు పెట్టడం, చెక్ ఇచ్చిన పావును చంపడం. గుర్రం ఇచ్చిన చెక్‌కు వీటిలో ఏది పనికిరాదో అడగండి. అడ్డు పెట్టడం. ఇంకొకటి: ఎదుటివారు “చెక్” అని నోటితో చెప్పలేదని చాలామంది గొడవపడతారు. అంతర్జాతీయ నియమాల ప్రకారం అలా చెప్పాల్సిన పని లేదు, చూసుకోవాల్సింది మనమే.

4. క్యాస్లింగ్: ఎనిమిది వరుసల పరీక్ష

క్యాస్లింగ్ అంటే రాజు ఏనుగు వైపు రెండు గళ్లు జరిగి, ఆ ఏనుగు రాజును దాటి పక్కన నిలబడే ఎత్తు. హెచ్1 ఏనుగుతో చేస్తే రాజు వైపు, ఎ1 ఏనుగుతో చేస్తే మంత్రి వైపు అంటారు. దీని నియమాలు అప్పజెప్పించుకోకండి. ఇలా చేయండి. తెల్లరాజు ఇ1, తెల్ల ఏనుగులు ఎ1, హెచ్1. నల్లరాజు ఇ8. ఒక నల్ల ఏనుగును 7వ అడ్డు వరుసలో ఎ7 నుంచి హెచ్7 వరకు ఒక్కో గడిలో పెడుతూ, ప్రతిచోటా అడగండి: “తెల్ల ఏ వైపు క్యాస్లింగ్ చేయవచ్చు?” తెల్లరాజు, ఏనుగులు అంతకుముందు కదల్లేదని చెప్పండి.

- ఎ7: రెండు వైపులా. 
- బి7: రెండు వైపులా.
- సి7, డి7: రాజు వైపు మాత్రమే.
- ఇ7: ఏ వైపూ కాదు, రాజుకు చెక్ ఉంది.
- ఎఫ్7, జి7: మంత్రి వైపు మాత్రమే.
- హెచ్7: రెండు వైపులా.

తప్పులు దాదాపు ఎప్పుడూ ఎ, బి, హెచ్ వరుసల్లోనే వస్తాయి. ఏనుగు దాడిలో ఉంటే క్యాస్లింగ్ కుదరదనుకుంటారు, కుదురుతుంది. బి1 గడి దాడిలో ఉంటే కుదరదనుకుంటారు, అదీ కుదురుతుంది, ఎందుకంటే రాజు ఆ గడి మీదుగా వెళ్లడు. గుర్తుంచుకోవాల్సింది రాజు గురించే: రాజున్న గడి, దాటే గడి, దిగే గడి, ఈ మూడూ దాడిలో ఉండకూడదు. మధ్యలో పావులేవీ ఉండకూడదన్నది ఎలాగూ ఉంది.

“ఒకసారి చెక్ పడితే ఇక క్యాస్లింగ్ పోయినట్టే” అనే నమ్మకం కూడా చాలామందిలో ఉంది. అది నిజం కాదు. చెక్‌ను రాజు కదలకుండా తప్పించి ఉంటే హక్కు అలాగే ఉంటుంది.

జాగ్రత్త: పోటీల్లో ఆడేవాళ్లయితే చేతిని కూడా గమనించండి. ఒకే చేత్తో, ముందు రాజును ముట్టుకుని క్యాస్లింగ్ చేయాలి. ముందు ఏనుగును కావాలని ముట్టుకుని తర్వాత రాజును ముట్టుకుంటే ఆ ఎత్తులో ఆ ఏనుగుతో క్యాస్లింగ్ చేయనివ్వరు. ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, పోటీలో టెన్షన్‌లో చేయి పాత అలవాటు ప్రకారమే వెళ్తుంది.

5. ఎన్ పాసాంట్

ఎదుటి బంటు రెండు గళ్లు జరిగి మన బంటు పక్కన ఆగితే, అది ఒక్క గడే జరిగినట్టు లెక్కేసి చంపడం ఇది. తెల్లబంటు ఇ5లో, నల్లబంటు డి7లో. రెండు రాజులను దూరంగా పెట్టండి. నల్లబంటును డి5కి జరిపి, “తెల్ల ఏం చేయవచ్చు?” అనండి. తెల్లబంటు డి6కి వెళ్లి డి5లోని నల్లబంటును తీసేయవచ్చు. తెల్లబంటును ఎక్కడ పెట్టాలో చూడండి. డి5లో పెట్టేవాళ్లు చాలామంది.

ఇప్పుడు నాలుగు మార్పులు, ప్రతిదానికీ “అవునా, కాదా” చెప్పాలి.

నల్లబంటు ఒక ఎత్తులో డి6కి, మరో ఎత్తులో డి5కి వచ్చింది: కాదు. నల్ల డి5 జరిపాక తెల్ల వేరే ఎత్తు వేసి, మరుసటి వంతులో చంపుతానంది: కాదు, వెంటనే చంపాలి. డి5లోకి వచ్చింది బంటు కాదు, గుర్రం: కాదు. నాలుగోది కష్టం. తెల్లరాజు ఇ1లో, నల్ల ఏనుగు ఇ8లో, నల్లరాజు జి8లో ఉన్నారు, నల్లబంటు ఇప్పుడే డి7 నుంచి డి5కి వచ్చింది: ఇదీ కాదు. తెల్లబంటు ఇ వరుస వదిలితే రాజుకు చెక్ పడుతుంది. ఈ నాలుగోది సరిగ్గా చెప్పినవాళ్లకు నియమాలు విడివిడిగా కాకుండా కలిసి అర్థమైనట్టే.

6. ప్రమోషన్, డ్రా

బంటు చివరి వరుస చేరి మంత్రి, ఏనుగు, శకటం, గుర్రాల్లో ఒకటిగా మారడమే ప్రమోషన్. తెల్లరాజు ఎఫ్6, తెల్లబంటు ఎఫ్7, నల్లరాజు హెచ్7. తెల్ల వంతు. “గెలిపించు” అనండి.

బంటును ఎఫ్8కి జరిపి మంత్రిని తీసుకుంటే స్టేల్‌మేట్, చేతిలో ఉన్న గెలుపు పోయింది. ఏనుగును తీసుకోవాలి. నల్లరాజుకు హెచ్6 ఒక్కటే గడి, అక్కడికి వెళ్లాక ఏనుగును హెచ్8కి జరిపితే చెక్‌మేట్. మొదటిసారి మంత్రినే తీసుకుంటే కంగారుపడకండి, చాలామంది అంతే. కానీ ఎత్తు వేసే ముందు “ఎదుటివాడికి ఆడటానికి ఏముంటుంది?” అని అడుగుకునే అలవాటు ఇంకా రాలేదని గుర్తు పెట్టుకోండి.

చచ్చిన పావుల్లోంచే ప్రమోషన్ తీసుకోవాలా? అక్కర్లేదు. మొదటి మంత్రి బతికుండగానే రెండో మంత్రిని తెచ్చుకోవచ్చు. లెక్క ప్రకారం ఒక వైపు 9 మంది మంత్రులు ఉండవచ్చు.

డ్రా గురించి ఈ మాటలు చదివి, ఒప్పో తప్పో చెప్పమనండి.

- “వరసగా మూడుసార్లు చెక్ ఇస్తే డ్రా.” తప్పు. ఒకే స్థితి, అదే వంతుతో, అవే హక్కులతో (క్యాస్లింగ్, ఎన్ పాసాంట్) మూడోసారి వస్తే డ్రా కోరవచ్చు. వరసగా రావాల్సిన పని లేదు. ఐదోసారి వస్తే ఎవరూ కోరకపోయినా డ్రా.
- “ఒంటరి రాజు మిగిలాక 16 ఎత్తుల్లో కట్టాలి.” తప్పు. బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా రెండు వైపులా 50 ఎత్తులు గడిస్తే డ్రా కోరవచ్చు. 75 గడిస్తే అడగకుండానే డ్రా, చివరి ఎత్తు చెక్‌మేట్ అయితే తప్ప.
- “రాజు, ఒక గుర్రం మిగిలితే ఒంటరి రాజును కట్టలేం.” ఒప్పు. ఒక శకటం ఉన్నా అంతే.
- “నా దగ్గర మంత్రి ఉంది, ఎదుటివాడి దగ్గర రాజు ఒక్కడే. నా గడియారం అయిపోతే నేను ఓడిపోయినట్టే.” తప్పు. ఒంటరి రాజు ఎవరినీ కట్టలేడు కాబట్టి డ్రా.

7. పావుల విలువ, చిన్న ఎత్తుగడలు

బంటు 1, గుర్రం 3, శకటం 3, ఏనుగు 5, మంత్రి 9. ఇవి అందరికీ వస్తాయి, ఎక్కువసేపు ఉండకండి. ఒక్క స్థితి చాలు. పావులన్నీ ఆట మొదటి చోట్లలో సర్ది, వీటిని మాత్రం జరపండి. తెల్లబంటు ఇ4, నల్లబంటు ఇ5. తెల్ల శకటం సి4, నల్ల గుర్రం సి6. తెల్ల మంత్రి హెచ్5. “నల్ల వంతు. తెల్ల ఏం చేయబోతోంది? ఎలా ఆపుతావు?”

మంత్రి ఎఫ్7 బంటును చంపి చెక్‌మేట్ ఇవ్వబోతోంది. నల్ల బంటును జి6కి జరపవచ్చు, లేదా మంత్రిని ఇ7కి తేవచ్చు. మంత్రిని తరుముదామని గుర్రాన్ని ఎఫ్6కి తెస్తే ఆట అక్కడే కట్టు. సరైన ఎత్తు వేసినా ఆగిపోకండి, “ఏం రాబోతోందో” కూడా చెప్పించండి. ప్రమాదం చూడకుండా అనుకోకుండా జి6 ఆడినవాళ్లకు సగం మార్కులే.

8. వ్యూహం: ఎత్తు కాదు, కారణం అడగండి

ఇక్కడ ఒప్పు, తప్పు అని గీత గీయడం కుదరదు. నేను వాడే కొలత ఇది. ఈ బోర్డు మీదున్న పావులను చూపించి కారణం చెబితే 2 మార్కులు. “గుర్రాన్ని అంచున పెట్టకూడదు” లాంటి కంఠస్థం మాట చెబితే 1. ఎత్తు సరైనదే అయినా కారణం లేకపోతే 0. కఠినంగా అనిపిస్తుంది, నిజమే. కానీ కారణం లేని మంచి ఎత్తు రేపటి ఆటలో మళ్లీ రాదు.

*మొదలు.* మామూలుగా ఒక ఆట మొదలుపెట్టించి, ఇద్దరూ పదేసి ఎత్తులు వేశాక ఆపండి. ఈ పరీక్ష పెడుతున్నట్టు ముందే చెప్పవద్దు. బోర్డు చూసి రాసుకోండి: గుర్రాలు, శకటాలు నాలుగింటిలో ఎన్ని బయటికొచ్చాయి? క్యాస్లింగ్ అయిందా? మధ్యలో కనీసం ఒక బంటు నిలబడి ఉందా? అవసరం లేకుండా ఒకే పావు రెండు మూడుసార్లు తిరిగిందా? మంత్రి ఎన్నిసార్లు కదిలింది? నాలుగింటిలో మూడు బయటికొచ్చి, రాజు భద్రంగా ఉంటే మొదలు బాగున్నట్టు. మంత్రి నాలుగుసార్లు తిరిగితే, దాన్ని ఎవరు తరిమారో కూడా చూడండి.

*మధ్య.* నాలుగు ప్రశ్నలు. నీకు ఒక గుర్రం ఎక్కువుంది, పావులు మార్చుకుంటావా, బంట్లు మార్చుకుంటావా? పావులు మార్చుకోవాలి, బంట్లు ఉంచుకోవాలి. బంట్లన్నీ పోతే కొన్నిసార్లు ఎక్కువున్న పావుతో గెలవడానికి ఏమీ మిగలదు. ఏనుగులను ఎక్కడ పెడతావు? బంట్లు లేని నిలువు వరుసల్లో, వీలైతే ఎదుటివాడి రెండో అడ్డు వరుసలో. బంట్లు ఒకదానికొకటి అడ్డుపడి బోర్డు మూసుకుపోతే గుర్రం మేలా, శకటం మేలా? ఎక్కువగా గుర్రమే, దూకగలదు కాబట్టి. ఎదురుగా కానీ, పక్క వరుసల్లో కానీ ఎదుటి బంట్లు లేని బంటు నీకుంటే ఏం చేస్తావు? కాపాడుకుంటూ ముందుకు నడపాలి.

*ముగింపు.* మాటలతో పని లేదు, ఇక్కడ అన్నీ కొలవొచ్చు.

మొదటిది. తెల్లబంటు ఎ4, తెల్లరాజు దూరంగా హెచ్1, నల్లరాజు ఎఫ్4. తెల్ల వంతైతే బంటు మంత్రి అవుతుందా? అవుతుంది. నల్ల వంతైతే? అవదు, నల్లరాజు పట్టేస్తాడు. బంటున్న గడితో కలిపి చివరి గడి దాకా ఎన్ని గళ్లో, అంత వెడల్పున చతురస్రం ఊహించుకోవాలి. రాజు అందులోకి అడుగుపెట్టగలిగితే అందుకుంటాడు. ఒక్కో గడీ లెక్కపెట్టినా జవాబు సరైనదే, కాకపోతే గడియారం తింటుంది.

రెండోది. తెల్లరాజు ఇ5, తెల్లబంటు ఇ4, నల్లరాజు ఇ7. నల్ల వంతైతే తెల్ల గెలుస్తుంది, తెల్ల వంతైతే డ్రా. ఈ జవాబు చెబితే సరిపోదు, రెండు విధాలా ఆడి చూపించాలి. మీరే ఎదురు ఆడండి. రాజులు ఎదురెదురుగా ఒక గడి ఎడంతో నిలబడినప్పుడు, ముందు కదలాల్సి వచ్చినవాడు దారి ఇవ్వక తప్పదు.

మూడోది. రాజు, మంత్రితో ఒంటరి రాజును కట్టాలి. తర్వాత రాజు, ఏనుగుతో. తప్పు లేకుండా ఆడితే మంత్రితో ఏ స్థితి నుంచైనా 10 ఎత్తుల్లో, ఏనుగుతో 16 ఎత్తుల్లో అయిపోతుంది. నేర్చుకునేవాళ్లకు మంత్రితో 20, ఏనుగుతో 30 ఇవ్వండి. అంతకు మించితే పద్ధతి రాలేదు, తడుముకుంటున్నారు. ఎదురు ఆడేవాళ్లు లేకపోతే ఫోన్‌లో ఏ చెస్ యాప్‌తోనైనా ఈ స్థితి పెట్టుకుని ఆడవచ్చు.

9. మార్కులు ఎలా చూడాలి

అన్నీ కూడి వందకు ఇంత అని చెప్పకండి. 1 నుంచి 6 వరకు ఉన్నవి పావులు, నియమాలు. వాటిలో వందకు తొంభై వచ్చినా చాలదు, ఒక్క నియమం తెలియకపోయినా ఆట మధ్యలో గొడవ వస్తుంది. అక్కడ ఒక్క తప్పు కూడా మిగలకూడదు. వ్యూహంలో సగం వచ్చినా ఏడాదిగా ఆడుతున్నవాళ్లకు అది మంచి మార్కే.

ప్రతి తప్పు పక్కనా మూడు మాటల్లో ఒకటి రాయండి: తెలియక, చూడక, తొందరపడి. అడిగితే సరైన నియమం చెప్పగలిగి, బోర్డు మీద తప్పు చేశారంటే అది “చూడక”. అయిదు సెకన్లలో జవాబు చెప్పి తప్పారంటే “తొందరపడి”. తెలియనిది పది నిమిషాల్లో చెప్పవచ్చు. చూడకపోవడానికి మందు అభ్యాసమే, రోజుకు నాలుగైదు స్థితులు పెట్టి “ఎదుటివాడు ఏం చేయబోతున్నాడు?” అని అడగాలి. తొందరకు నేను చేయించేది ఒకటే: ఎత్తును ముందు కాగితం మీద రాసి, బోర్డును మరోసారి చూసి, అప్పుడు పావు ముట్టుకోవాలి. ఇది ఇంట్లో అభ్యాసానికే, పోటీలో ఎత్తు వేశాకే రాయాలన్నది సాధారణ నియమం.

పరీక్ష పెట్టేవాళ్లు చేసే తప్పులూ ఉన్నాయి. జవాబు కోసం ఆలోచిస్తుండగా సరైన గడి వైపు చూడటం అన్నిటికంటే పెద్దది. పిల్లలు బోర్డును కాదు, మన కళ్లను చదువుతారు. తప్పు చెప్పగానే మొహం మార్చడం, “మళ్లీ చూడు” అనడం కూడా జవాబు చెప్పడమే. అన్ని జవాబులకూ ఒకేలా “ఎందుకు?” అనండి, సరైన వాటికి కూడా.

10. వారం తర్వాత మళ్లీ

అవే స్థితులు అలాగే పెడితే జ్ఞాపకశక్తికి పరీక్ష అవుతుంది. రంగులు మార్చి, బోర్డును తలకిందులు చేసి పెట్టండి: 1వ వరుసలో ఉన్నది 8కి, 2లో ఉన్నది 7కి, అలా. స్టేల్‌మేట్ స్థితిని ఎడమ కుడులు కూడా మార్చవచ్చు. క్యాస్లింగ్ స్థితిని మాత్రం ఎడమ కుడులు మార్చకండి, రాజు ఇ గడి వదిలిపోతాడు, ప్రశ్నే చెల్లదు.

మొదటిసారి సరిగ్గా చెప్పి, తిప్పి పెట్టగానే తడబడితే ఆ జవాబు అర్థమై చెప్పింది కాదు. ఆ ప్రశ్నను “తెలియక” కింద రాసుకుని ముందు నుంచి చెప్పండి. నల్లరాజు ఇ8లో, నల్ల ఏనుగులు మూలల్లో, తెల్లరాజు ఇ1లో, తెల్ల ఏనుగు 2వ వరుసలో ఒక్కో గడీ జరుగుతూ ఉండగా ఎనిమిది జవాబులూ రెండు నిమిషాల్లో తప్పు లేకుండా వస్తే, క్యాస్లింగ్‌ను జాబితాలోంచి కొట్టేయవచ్చు. మిగతావాటినీ అలాగే ఒక్కొక్కటిగా కొట్టేయండి.